ఫొటోలో పక్క మారిన పైట

"ఎడమ పైట వేసి పంపించినావు గదే పిల్లని! మా ఇంటికొచ్చి ఇన్ని నెలలైనా నీ రైలు బుద్ధి పోలేదు గదే!"

"నా చేత్తో కుడి భుజం మీదే వేసినా అత్తా. పిన్ను గూడా నేనే పెట్టినా."

"అయితే ఇదేంది? ఇది ఏ భుజం? నా కళ్ళకి పొరలు కమ్మినాయా?"

"ఎడమ భుజమే. కానీ నేను వేసింది దాని మీద కాదు."

"నువ్వు కుడి పక్క వేస్తే, ఫొటోలోకి పోయినాక పైట దానంతటది ఎడమ పక్కకి నడిచిపోయిందా?"

"ఏమో అత్తా. నడిచిందేమో."

ఈ చివరి మాటకి మా అత్త చేతిలో ఉన్న చేటని నేలకేసి కొట్టింది. చేటలో బియ్యం వాకిలంతా చిందినాయి. తర్వాత వాటిని ఏరుకున్నది నేనే.

గొడవ మధ్యలో మొదలుపెట్టినాను కాబట్టి ఎవరెవరో చెప్పాలి. చేట పట్టుకుని నిలబడింది మా అత్త. ఎదురుగా నిలబడింది నేను, అప్పటికింకా కొత్త కోడల్నే. మా ఇద్దరి మధ్య నేల మీద పడి ఉన్నది మా ఆడబిడ్డ ఫొటో, పెళ్ళిచూపులకి ముందు పంపిస్తారే, ఆ ఫొటో. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నది సంబంధం తెచ్చిన పెద్దమనిషి. ఎండైనా వానైనా, ఏదీ లేకపోయినా గొడుగు వదలడు, అందుకని ఆయన్ని అందరం గొడుగాయన అనేవాళ్ళం. ముత్తుకూరులో పెళ్ళికొడుకు వాళ్ళకి ఆ ఫొటో ఇచ్చి వచ్చింది ఆయనే. ఆ పొద్దున మొదటి బస్సుకి వచ్చి తిరిగి మా చేతిలో పెట్టిందీ ఆయనే. "కుడిపైట ఇల్లని చెప్పి ఎడమపైట పిల్లని చూపిస్తారా, మాకొద్దు" అన్నారంట వాళ్ళు. ఆ మాట మాకు చెప్పేసి, ఇంకో గ్లాసు మజ్జిగ అడిగినాడు.

ఇప్పటి వాళ్ళకి ఈ గొడవేందో అర్థం కాదు. ఆ రోజుల్లో మా నెల్లూరు సముద్రపు పక్క ఊళ్ళల్లో ఆడమనిషి ఎదురైతే పేరడిగేవాళ్ళు కాదు, పైట చూసేవాళ్ళు. కొంగు కుడి భుజం మీద ఉంటే కుడిపైట ఇళ్ళ వాళ్ళు, ఎడమ భుజం మీద ఉంటే ఎడమపైట ఇళ్ళ వాళ్ళు. ఒకరింటి పిల్లని ఒకరు అంత సులువుగా చేసుకునేవాళ్ళు కాదు. చీర ఎంత పొడుగు, కుచ్చిళ్ళు ముందుకా పక్కకా, రవిక చేతులు మోచేతి దాకా ఉన్నాయా పైకి పోయినాయా, వీటిని బట్టి ఆమె ఊరు, ఆమె ఇల్లు, ఆమె పొగరు ఎంతదో కూడా చెప్పేసేవాళ్ళు. మనం నోరు తెరవక ముందే మన సంగతంతా బజార్లో ఉండేది. (ఇప్పుడు నైటీ మీద తువ్వాలు వేసుకుని పాల ప్యాకెట్టుకి పోతారు. ఆ తువ్వాలు ఏ భుజం మీద అని ఎవరన్నా అడిగినారా? మా మనవరాలైతే చున్నీ మెడకి చుట్టి రెండు కొసలూ వీపు మీదకి వేస్తుంది. దానికి కుడీ లేదు, ఎడమా లేదు. స్కూటర్ చక్రంలో చుట్టుకుంటుందే అని మాత్రం నేను అరుస్తా. అంత మంచి గుడ్డ పాడైపోతుంది గదా.)

నా పుట్టిల్లు బిట్రగుంట. మా నాయనది రైలు పట్టాల గ్యాంగులో పని. పుట్టుకకి మేమూ కుడిపైట వాళ్ళమే గానీ, మా అమ్మ ఆ రైలు క్వార్టర్సులో కాపురానికి వచ్చినాక చుట్టూ అరవ వాళ్ళు, గుంటూరు వాళ్ళు, ఇంకా ఎక్కడెక్కడి వాళ్ళో. కొళాయి దగ్గర బిందె పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు "మీ పైట అట్లా ఉందేమిటండీ, మీదే ఊరండీ" అని అడిగేవాళ్ళంట. జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఒకనాడు మా అమ్మ కొంగు ఎడమ భుజం మీదకి మార్చేసింది. అంతే, అందులో పెద్ద ఆలోచనేం లేదు. నేను అక్కడే ఐదో తరగతి దాకా చదివినా, ఓణీ వేసిందీ ఎడమ పక్కే. విడవలూరు దగ్గర ఈ ఊరికి నన్ను ఇచ్చేటప్పుడు మా అత్త పెట్టిన షరతు ఒక్కటే. "పిల్ల నల్లగా ఉన్నా పర్లేదు, గొంతు పెద్దదైనా పర్లేదు. మా గడప దాటి లోపలికొచ్చేటప్పుడు మాత్రం పైట కుడి పక్కన ఉండాల." మా వాళ్ళు సరే అన్నారు. భుజం వాళ్ళది కాదు గదా, సరే అనడానికేం!

పుట్టినప్పటి నుంచి కుడి చేత్తో పని చేసే మనిషికి ఉన్నట్టుండి కుడి భుజం మీద కొంగు వేస్తే ఎట్టా ఉంటుందో చేసిన వాళ్ళకే తెలుసు. గరిటె తిప్పితే కొంగూ తిరిగేది. ముగ్గు వేస్తే నేను వేసిన ముగ్గుని నా కొంగే వెనకాల తుడుచుకుంటూ వచ్చేది. చేపల పులుసులో ఎన్నిసార్లు మునిగిందో లెక్క లేదు. ఉతికినా ఆ వాసన పోయేది కాదు, పిల్లులు నా వెంట తిరిగేవి. అయినా ఒప్పుకున్నాక ఒప్పుకున్నట్టే. ఒక్కరోజు కూడా ఎడమకి మార్చలేదు. మా అత్త మాత్రం నమ్మేది కాదు. నేను దొడ్లో ఉంటే దొడ్డి గుమ్మం దగ్గర, వంటింట్లో ఉంటే వంటింటి గుమ్మం దగ్గర తల పెట్టి ఒక చూపు చూసి పోయేది. రైలు పిల్ల, ఏ క్షణాన ఎటు మళ్ళుతుందో అని ఆమె భయం.

ఇట్టాంటి ఇంట్లో మా ఆడబిడ్డకి ముత్తుకూరు సంబంధం వచ్చింది. పిల్లోడికి నెల్లూర్లో పెద్ద బట్టల కొట్లో ఉద్యోగం. తల్లి ఒక్కతే ఉంది, ఆమె పట్టింపులు మా అత్తకి ఏమాత్రం తీసిపోవు. ముందు ఫొటో పంపమన్నారు. అంతకు ముందు వచ్చిన రెండు సంబంధాలు ఏవేవో వంకలతో పోయినాయి. మా ఆడబిడ్డ నోరు లేని పిల్ల. అయినా ఈసారి నా పక్కన చేరి, "వదినా, ఇది కుదిరితే బాగుండు, నెల్లూర్లో ఉండొచ్చు గదా, సినిమా బోర్డులన్నా చూడొచ్చు" అనింది. సినిమా కూడా అడగలా ఆ పిల్ల, బోర్డులు చాలంది. అందుకని ఫొటోకి తయారు చేసే పని నేనే మీదేసుకున్నా. కొత్త చీర కొందామని మా మామ అంటే, "ఫొటో నలుపూ తెలుపే గదా మామా, ఏ రంగైతే ఏంది" అని నా పెళ్ళిచీరలో ఒకటి తీసి కట్టినాను. ఖర్చు తప్పింది. పైట కుడి భుజం మీద వేసి, మడతలు పెట్టి, పిన్ను గుచ్చి, మా అత్తకి చూపించి మరీ బస్సెక్కించినా. నేనూ మా ఆయనా తోడు పోయినాం.

నెల్లూరు స్టూడియోలో ఫొటోలు తీసే మనిషికి భుజాల దాకా జుట్టు. మేం జులపాలాయన అనుకున్నాం. పిల్లని స్టూలు మీద కూర్చోబెట్టి అటు చూసి ఇటు చూసి, "పైట అటు మార్చండమ్మా, లైటు ఇటునుంచి వస్తోంది, బార్డరు కనపడదు" అన్నాడు.

"లైటే అటు మార్చుకో నాయనా. పైట మారదు" అన్నా.

"అందరూ ఎడమ పక్కనే వేసుకుంటారు గదమ్మా ఇప్పుడు."

"ఎవరు వేసుకుంటే మాకేంది? నువ్వు నొక్కు."

ఆయన ఏదో గొణుక్కుంటూ నల్లగుడ్డలో తల దూర్చినాడు. నవ్వమ్మా అన్నాడు. పెళ్ళిచూపుల ఫొటోలో నవ్వకూడదన్నా. అయితే నవ్వొద్దమ్మా అన్నాడు. అదుగో, అక్కడిదాకా నాకు ప్రతి మాటా గుర్తుంది. ఫొటో కడిగినాక గొడుగాయనే నెల్లూర్లో తీసుకుని అట్నుంచి అటే ముత్తుకూరు పోయినాడు, బస్సు చార్జీ కలిసొస్తుందని. (ఆ ఉపాయం చెప్పింది నేనే.) కాబట్టి ఆ ఫొటో తిరిగొచ్చి నేల మీద పడిందాకా మా ఇంట్లో ఒక్కరూ చూడలేదు. చూసేసరికి అందులో మా ఆడబిడ్డ, నా పెళ్ళిచీర, నేను గుచ్చిన పిన్ను, అన్నీ ఉన్నాయి. పైట మాత్రం ఎడమ పక్కన ఉంది.

ఇక గొడవలోకి వస్తాను. చేట విసిరేసినాక మా అత్త సాక్షుల్ని పిలిచింది. మొదట మా ఆయన్ని. "ఒరే, ఆ రోజు నువ్వూ పోయినావు గదా. చెల్లెలు ఏ పక్క వేసుకోనుండాది?"

మా ఆయన తల గోక్కున్నాడు. "చీర కట్టుకోనుండాది."

"చీర కాదురా, పైట! ఏ పక్క?"

"నేను స్టూడియో బయట టీ తాగతా ఉన్నానమ్మా."

మా మామని అడిగితే ఆయన, "పైట సంగతి మొగోళ్ళని అడిగితే ఎట్టా" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. గొడుగాయన్ని అడిగితే, "నేను కవరు విప్పలేదమ్మా, విప్పకూడదు గదా" అన్నాడు. నా తరఫున మాట్లాడే దిక్కు ఒక్కరు లేరు. నాకు కళ్ళనీళ్ళు రాలేదు, కోపమొచ్చింది. మా అత్త కోపం అంతకంటే పెద్దది.

"నా బిడ్డ సంబంధం చెడగొట్టింది. ఈ ముత్తుకూరు మాట రేపు మైపాడు దాకా పాకుతుంది. ఎడమపైట వాళ్ళు మా ఇంటికి రారు, కుడిపైట వాళ్ళు మమ్మల్ని నమ్మరు. ఇంక దీన్ని ఎవరు చేసుకుంటారు? ఏమే, పెట్టె సర్దుకో. మధ్యాహ్నం బస్సుకి బిట్రగుంట పో. దీనికి పెళ్ళి కుదిరిందాకా మీ అమ్మ దగ్గరే ఉండు, అక్కడ నీకు ఏ పక్క కావాలంటే ఆ పక్క వేసుకో."

మా ఆయన కూడా అప్పుడు తలెత్తినాడు. మా మామ పేపరు కిందకి దించినాడు. మా అత్త ఒక మాట అన్నాక వెనక్కి తీసుకోవడం ఆ ఇంట్లో ఎవరూ చూసెరగరు. నేను పెట్టె ఎక్కడుందా అని చూస్తున్నా. అంతలో గదిలోంచి మా ఆడబిడ్డ ఏడ్చిన మొహంతో బయటికొచ్చి, నేల మీద ఫొటో తీసుకుంది. ఆ పిల్ల పుట్టినప్పటినుంచి దిగింది ఆ ఒక్క ఫొటోనే. అందరం అరుచుకుంటున్నామే గానీ ఆ పిల్ల చేతికి ఒక్కసారి ఇయ్యలేదు. దూరంగా పెట్టి చూసుకుంది, దగ్గరగా పెట్టి చూసుకుంది.

"వదినా, ఇది నేను కాదు" అనింది.

"నువ్వు కాకపోతే ఎవరమ్మీ?"

"ఏమో. నాకు ముక్కుపుడక ఇటు గదా ఉండేది. ఈమెకి అటుండాది."

వాకిట్లో ఉన్న వాళ్ళమంతా ఒక్కసారి ఆ పిల్ల ముక్కు చూసినాం. తర్వాత ఫొటోలో ముక్కు చూసినాం. తర్వాత మళ్ళీ ఆ పిల్ల ముక్కు. మా ఇంట్లో ముక్కుపుడక కుడి పక్కన. ఫొటోలో ఎడమ పక్కన మెరుస్తా ఉంది. గడ్డం దగ్గర పుట్టుమచ్చ కూడా ఇటుది అటుంది. ముత్తుకూరు వాళ్ళు చూసినారు, మా అత్త చూసింది, నేనూ చూసినా. అందరం భుజమే చూసినాం. మొహం ఎవరూ చూడలా.

మా మామ గడ్డం గీసుకునే అద్దం పంచన గుంజకి వేలాడుతుండేది. దాని ముందుకి పోయి ఫొటో పట్టుకున్నా. అద్దంలో మా ఆడబిడ్డ కుడి పైటతో, కుడి ముక్కుపుడకతో, నవ్వకుండా కూర్చోనుంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి అద్దంలోకి తొంగి చూసినారు. గొడుగాయన రెండుసార్లు చూసి, "ఫిలిం తిరగేసి వేసినాడు దొంగ సచ్చినోడు" అన్నాడు. (పొరపాటున తిరగబడిందో, లైటు మార్చుకోమన్నానని జులపాలాయనే తిరగేసినాడో నాకు ఈ రోజుకీ తెలియదు.)

మా అత్త చాలాసేపు అద్దం ముందు నిలబడింది. నా వైపు తిరిగి ఏదన్నా అంటుందని ఎదురు చూసినా.

"పెట్టె విప్పేసెయ్" అనింది.

"ఇంకా సర్దలేదు అత్తా."

"మంచిదేలే, పని తగ్గింది. చీర మార్చుకో. ముత్తుకూరు పోతున్నాం." అని గుంజ మీద అద్దం ఊడదీసి తువ్వాల్లో చుట్టింది.

అట్టా ఆ రోజు మా అత్త, నేను, గొడుగాయన, ఒక అద్దం, ఒక ఫొటో బస్సెక్కినాం. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా మా అత్త అద్దాన్ని చంటిపిల్లలాగా రొమ్ముకి హత్తుకునేది. నెల్లూర్లో బస్సు మారినాక పక్క సీట్లో చేపలమ్మే ఆమె, "అమ్మా, కాస్త విప్పు, బొట్టు సరిచేసుకుంటా" అని అడిగింది. మా అత్త విప్పి చూపించింది. ఆమె బొట్టు సరిచేసుకుని, కొప్పు సరిచేసుకుని, "ఇంత పెద్ద అద్దం మోసుకుని యాడికి పోతుండారు, కొత్త కాపురమా?" అనింది. మా అత్త, "కాదు, పాత మర్యాద" అనింది. ఆమెకి అర్థం కాలేదు గానీ తలూపింది.

ముత్తుకూరులో ఆ ఇంటి వాకిట్లోకి పోయేసరికి పెళ్ళికొడుకు తల్లి మిరపకాయలు ఎండబెడుతోంది. కుడి పైట, గట్టిగా బిగించి, వెనక్కి తిప్పి నడుంలో దోపి ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు. "చెప్పి పంపించినాం గదా వదినా, మళ్ళీ ఇంత దూరం ఎందుకు" అనింది. పంచలో నులకమంచం మీద పెళ్ళికొడుకు కూర్చోనున్నాడు. ఆ రోజు కొట్టు సెలవంట. సన్నగా, బాగా దువ్విన జుట్టు, మమ్మల్ని చూసి లేచి నిలబడినాడు.

మా అత్త కూర్చోలేదు, నీళ్ళు కూడా అడగలేదు. తువ్వాలు విప్పి, అద్దాన్ని గోడకి ఆనించి, ఫొటో దాని ముందు పట్టుకుని, "చూడు వదినా" అనింది.

ఆమె వంగి చూసింది. "ఇప్పుడు కుడి పక్కకొచ్చింది."

"అదీ మా పిల్ల."

"మరి చేతిలో ఉండే పిల్ల?"

"అదీ మా పిల్లే. స్టూడియోవాడు తిరగేసినాడు."

"కాగితం మీద ఎడమ, అద్దంలో కుడి. పెళ్ళి చేసుకున్నాక వాడు దేన్ని చూసుకోవాల వదినా? ఇంటికొచ్చే చుట్టాలందరికీ అద్దం చూపించాలా?"

అప్పుడు నేను కలగజేసుకుని ముక్కుపుడక చూపించినా. పుట్టుమచ్చ చూపించినా. ఆమె తన ముక్కు తడుముకుంది. అద్దంలో తన మొహం చూసుకుని మళ్ళీ తడుముకుంది. గొడుగాయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చి అద్దం ముందు నిలబడి చూపించినాడు. కాసేపటికి ఆమెకి సంగతి ఎక్కింది. "అయితే పిల్ల కుడిపైటేనన్నమాట" అని మొహం విప్పారి, "కూర్చో వదినా, ఏందట్టా నిలబడిపోయినావు" అని చాప వేసింది. మా అత్త కూర్చుంది.

అప్పుడు మంచం దగ్గర్నుంచి పెళ్ళికొడుకు గొంతు. "అమ్మా, నాకు ఫొటోలో ఉండే పిల్లే కావాల."

"అదే గదరా, ఆ పిల్లే."

"పిల్ల కాదు, పైట. ఎట్టుందో అట్టా కావాల. ఎడమ పక్కన."

మిరపకాయల మీద వాలిన కాకిని కూడా ఎవరూ తోలలేదు. ఆమె, "నీకేందిరా ఆడోళ్ళ సంగతులు" అనింది. పిల్లోడు మెల్లగా అన్నాడు, కాపురం నెల్లూర్లో గదా, అక్కడ అందరూ అట్టాగే గదా, చీరలు నేసేవాళ్ళు కూడా ఎడమ భుజం మీద పడితే బాగుండేటట్టే నేస్తారు గదా అని. "అదంతా నీకెట్టా తెలుసు?" అని తల్లి గట్టిగా అడిగింది. పిల్లోడు తెలుసులే అన్నాడు. ఎట్టా తెలుసో చెప్పమంది. చెప్తే అర్థం కాదన్నాడు. అర్థమయ్యేటట్టు చెప్పమంది. పిల్లోడు ఇటు చూసి, అటు చూసి, దండెం మీద ఆరేసిన తల్లి చీర తీసినాడు.

నేను ఇన్నేళ్ళలో చాలామంది చీర కట్టుకోగా చూసినా. అంత చక్కగా ఎవరూ కట్టుకోగా చూడలేదు. ప్యాంటు మీదే ఒక చుట్టు చుట్టి, వేళ్ళ మధ్య కుచ్చిళ్ళు టకటకా మడిచి దోపి, కొంగు అందుకుని ఒక్క విసురు విసిరినాడు. అది పోయి ఎడమ భుజం మీద అతికించినట్టు పడింది. మోచెయ్యి పక్కకి పెట్టి, కొంగు చేతి మీద పరిచి, అలవాటైన నోరు ఊరుకోక, "చూడండమ్మా, బార్డరు ఎట్టా పడిందో! మడతలో ఉంటే ఏం తెలుస్తుంది, ఒంటి మీద వేస్తేనే తెలుస్తుంది" అనేసినాడు. అని నాలుక కరుచుకున్నాడు.

తల్లి నోరు తెరుచుకునే ఉంది. "ఒరే, కొట్లో పెద్ద ఉద్యోగం అన్నావే. ఇదేనా?"

"ఇదేనమ్మా. అందరికంటే నేనే బాగా వేస్తానని పండగలప్పుడు ముందు నన్నే నిలబెడతారు."

"రోజూనా?"

"సెలవు రోజు తప్ప."

నేను నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకున్నా. (కుడి పక్క కొంగు నోటికి తొందరగా అందుతుంది, ఆ ఒక్క సుఖం మాత్రం ఉంది దాంట్లో.) అప్పుడు మా అత్త నిదానంగా చాప మీద నుంచి లేచి అద్దం చుట్టుకుంటూ అనింది: "వదినా, మా పిల్ల ఎడమ పైట ఫొటోలోనే వేసుకుంది, అదీ వాడెవడో తిరగేస్తే. మీవాడు రోజూ వేసుకుంటున్నాడంట."

నేను గట్టిగా ఆమె చెయ్యి గిల్లినా. అప్పటికే అనేసింది. పెళ్ళికొడుకు తల్లి లేచి ఇంట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. పిల్లోడు చీర విప్పుకుంటూ మా వైపు దిగులుగా చూసినాడు. గొడుగాయన, "మీరు పొండమ్మా, నేను ఈ ఊళ్ళోనే మా చెల్లెలింట్లో ఉండి సంగతి కనుక్కుని పొద్దున వస్తా" అన్నాడు. మేం బయటపడినాం.

నెల్లూర్లో మా ఊరి బస్సెక్కినాం. కుదిరిన సంబంధం నోటి దురుసుతో ఆమే చెడగొట్టుకుందని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. పొద్దున నన్ను అన్న మాటలన్నీ తిప్పి అనడానికి నాకు నోటిదాకా వచ్చినాయి. ఆమె ఒళ్ళో ఆ అద్దం చూసి ఊరుకున్నా. ఉప్పు పండే కయ్యలు దాటినాక ఆమే మొదలుపెట్టింది.

"మా అత్త రవిక వేసుకునేది కాదు, తెలుసా నీకు?"

"తెలియదు అత్తా."

"ఆమే కాదు, ఆ కాలం వాళ్ళు మా ఇంట్లో ఎవరూ వేసుకునేవాళ్ళు కాదు. నేను కాపురానికి వచ్చేటప్పుడు మా అమ్మ రెండు రవికలు కుట్టించి పంపించింది. విడవలూరు సాయిబు కుట్టినాడు, మోచేతి దాకా చేతులు. మా అత్త చూసి, 'ఒళ్ళంతా గుడ్డ చుట్టుకొచ్చినావు, ఏం దాస్తున్నావే లోపల' అనింది. నా చేతి నీళ్ళు తాగేది కాదు. రవిక వేసుకునేది ఆటకత్తెలని ఊరంతా చెప్పేది. నేను విప్పలా."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఆమె పోయింది. రవికుంది." అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇంటికి పోయినాక అద్దాన్ని తీసుకుపోయి గుంజకి తగిలించింది. ఏమైందని మా మామ అడిగితే, "రేపు తెలుస్తుంది" అనింది. మా ఆడబిడ్డ అన్నం తినలేదు. నేను జరిగిందంతా చెప్పినాక, పిల్లోడు చీర కట్టిన సంగతి దగ్గర మాత్రం దుప్పటి కప్పుకుని నవ్వింది. "నాకంటే బాగా కట్టినాడా వదినా?" అని రెండుసార్లు అడిగింది.

మర్నాడు పొద్దున నేను కళ్ళాపి చల్లి, పొయ్యి వెలిగించి, ఎసరు పెట్టేసరికి మా అత్త పంచలో పీట వేసుకుని వేపపుల్ల నములుతూ కూర్చోనుంది. ఆమె ముందు మా ఆడబిడ్డ నా పెళ్ళిచీర పట్టుకుని నిలబడి ఉంది. "ఏమే, ఇట్టారా. ఆ రైలు కట్టు ఎట్టా కడతారో దీనికి నేర్పు. నేర్పేదేదో సరిగ్గా నేర్పు, నలుగురూ నవ్వేటట్టు కాకుండా" అనింది. సంబంధం సంగతే ఇంకా తేలలేదు గదా అత్తా అన్నా. "తేలినా తేలకపోయినా రెండూ వచ్చి ఉండనీ. ఏ ఇంట్లో పడుతుందో ఎవరికి తెలుసు" అనింది. నేను నేర్పినా. ఆ పిల్ల చెయ్యి అలవాటు కొద్దీ కొంగుని కుడి పక్కకే తీసుకుపోతుంది, నేను పట్టుకుని ఎడమకి లాగుతా. మా అత్త పుల్ల నోట్లోంచి తీసి, "కుచ్చిళ్ళు ఇంకాస్త దించు, మడమ కనపడతా ఉండాది" అనింది. కాసేపటికి తనే లేచొచ్చి భుజం మీద మడతలు సర్దింది.

మొదటి బస్సు దిగి గొడుగాయన వచ్చినాడు. వాళ్ళు ఒప్పుకున్నారని చెప్పినాడు. ముత్తుకూరు వచ్చినప్పుడు కుడి పక్క, నెల్లూర్లో ఉన్నప్పుడు వాళ్ళిష్టం అని మాట. నిన్న తనన్న మాటకి ఆమె ఏమన్నా అనిందా అని మా అత్త అడిగింది. "నా ముందైతే ఏం అనలేదమ్మా. చీకటితోనే నేను పోయేసరికి కొడుకు చేత తన చీరకి కుచ్చిళ్ళు పెట్టించుకుంటా ఉంది" అన్నాడు. మా అత్త పుల్ల పారేసి నోరు కడుక్కుంది. తర్వాత నా కుడి భుజం వైపు చూసి, గొంతు కాస్త తగ్గించి, "నువ్వు గూడా మార్చుకుంటావా ఏంది?" అని అడిగింది. ఆ మాట కోసం నేను ఎన్నాళ్ళు ఎదురు చూసినానో నాకే తెలుసు. కానీ అవతల పొయ్యి మీద ఎసరు మరిగి పొంగుతోంది, గొడుగాయన మజ్జిగ అడుగుతున్నాడు, చీర విప్పి కట్టుకునే తీరిక ఎక్కడిది? "రేపు చూస్తాలే అత్తా" అని కొంగు నడుంలో దోపుకుని బియ్యం కడగడానికి పోయినాను.